చేతుల్లేని కుర్చీ

పోయిన ఆదివారం మా వీధి చివరి కమ్యూనిటీ హాల్లో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. బీపీ, షుగరు, కళ్ళు, పళ్ళు అన్నీ చూస్తామన్నారు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పాతికేళ్ళుగా బెజవాడ జనం రక్తం తీస్తున్నదాన్ని కాబట్టి అక్కడ మాకు కొత్తగా తెలిసేదేమీ ఉండదని నా గట్టి నమ్మకం. అమ్మ వింటేగా. ఆవిడకి డెబ్భై మూడేళ్ళు. ఉచితం అన్న మాట చెవిన పడితే చెప్పులేసుకుని బయల్దేరుతుంది.

చివరి బల్ల దగ్గర ఫిజియోథెరపీ చదువుతున్న అమ్మాయి ఒకతి ఉంది. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, "బామ్మగారూ, చేతులు రెండూ ఇలా గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి. స్టార్ట్ అనగానే లేచి నిలబడాలి, మళ్ళీ కూర్చోవాలి. అర నిమిషంలో ఎన్నిసార్లు లేస్తారో చూద్దాం. కంగారు లేదు, మెల్లిగా చెయ్యండి" అంది.

"మెల్లిగా ఎందుకమ్మా? నంబరు తగ్గిపోదూ?" అంది అమ్మ.

ఆ పిల్ల తెల్లబోయింది. అమ్మ కొంగు నడుముకి దోపుకుని పదమూడుసార్లు లేచి కూర్చుంది.

"సూపరండీ! పద్నాలుగు వేసేస్తాను" అంది ఆ పిల్ల ముచ్చటపడిపోయి.

"పదమూడే వెయ్యి. మర్యాదలొద్దు. మధ్యలో ఒకసారి అబ్బా అన్నాను, అది కూడా పక్కన రాసుకో" అంది అమ్మ.

ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కోవాల్సొచ్చింది. మా డ్రిల్లు టీచరుగారు పోయి అప్పటికి నాలుగు నెలలు.

ఆవిడకి పేరు ఉండే ఉంటుంది. మా వీధిలో దానితో ఎవరికీ పని పడలేదు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరై, ఏలూరు కాలువకి రెండు వీధులివతల, మా ఎదురింటి కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. పొడుగ్గా, సన్నగా, కర్ర పాతినట్టు నిటారుగా ఉండేవారు. చీర చీలమండకి రెండంగుళాలు పైకి కట్టి, కింద తెల్ల కాన్వాసు బూట్లు. మెళ్ళో నల్లతాడుకి స్టాప్‌వాచీ. పెళ్ళికి వెళ్ళినా బూట్లూ వాచీ ఉండాల్సిందే. మూడు ముళ్ళు పడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా ఆవిడ దగ్గర రాసి ఉంటుందని మా వాళ్ళు వేళాకోళం చేసేవారు.

సొంత సంగతులు చెప్పే మనిషి కాదు. కూచిపూడికి దగ్గర్లో ఏదో పల్లెలో పుట్టారనీ, చిన్నప్పుడు నాట్యం నేర్చుకోబోయి మరీ పొడుగైపోయానని తనే మానేశారనీ ఎప్పుడో మాటల్లో తెలిసింది. ఆ నాట్యం మీద ఇష్టం మాత్రం పోలేదు. అరవై దాటిన ఆడవాళ్ళని మా డాబా పిట్టగోడ పట్టుకుని, మోకాళ్ళు సగం వంచి అరమండిలో నిలబెట్టి, "మా ఊరి పక్క ఎనిమిదేళ్ళ పిల్లలు గంటసేపు ఉంటారమ్మా ఇలా. మీరు పది అంకెలు ఉండలేరా?" అనేవారు.

డాబా మాదే. పొద్దున్న ఆరున్నరకి, ఇంకా టిఫిన్ల పని మొదలవకముందు, వీధిలో తొమ్మిది పదిమంది పైకెక్కేవారు. ఓ పక్క దుర్గమ్మ కొండ, గాలి శుభ్రంగా ఉన్నరోజు ఇంకో పక్క దూరంగా ఇబ్రహీంపట్నం కరెంటు స్టేషను పొగగొట్టాలు. మధ్యలో టీచరుగారు, ఆవిడ కుర్చీ.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. చేతుల్లేని చెక్క కుర్చీ. రిటైరైన రోజున స్కూల్లో ఏం కావాలని అడిగితే, డ్రిల్లు గదిలో ఉన్న ఆ కుర్చీ ఇవ్వమని అడిగి రిక్షాలో వేసుకుని వచ్చేశారట. ఎవర్ని కొలిచినా దాని మీదే కొలవాలి. ఎవరింట్లోనైనా సోఫా చూపిస్తే మొహం చిట్లించేవారు. "సోఫా మనిషిని మోసం చేస్తుందమ్మా. చేతులున్న కుర్చీ అంతకంటే అన్యాయం. అందులో కూర్చుంటే కాళ్ళు పని మర్చిపోతాయి."

ఇంకొకటి లాంగు నోటుబుక్కు. పేరుకో పేజీ, పేజీకి నాలుగు గళ్ళు. మొదటి గడి కుర్చీ. అర నిమిషంలో చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేచారన్నది అందులో పడేది. రెండోది నడక. నీళ్ళ ట్యాంకు దగ్గర్నించి పిట్టగోడ మూల దాకా పోయి రావడానికి ఎన్ని సెకన్లు. మూడోది వీపు. ఒక చెయ్యి భుజం మీంచీ, ఇంకో చెయ్యి కింద నుంచీ పోనిచ్చి వేళ్ళు కలుస్తాయా లేదా. "జడ మీరే వేసుకుంటున్నారా, కోడలు వేస్తోందా?" అని అడుగుతూ అది రాసేవారు.

నాలుగో గడి పేరు అబ్బా. లేస్తూ అబ్బా అన్నా, కూర్చుంటూ అబ్బా అన్నా అందులో ఒక గీత. నొప్పికి అంటున్నారో, వయసైంది కదా అనాలి కాబోలని అంటున్నారో తేలాలి కదమ్మా, అనేవారు. మొదటి వారం మా డాబా మీద లేవడాల కంటే అబ్బాలే ఎక్కువ. గీత పడుతోందని తెలిశాక రెండో వారానికి సగం మాయమైపోయాయి. అలా మాయమైన సగం అలవాటువి. మిగిలిన సగం మీదే ఆవిడ పనిచేశారు.

ఎవర్నీ వయసు అడిగేవారు కాదు. ఎవరైనా "నాకు అరవై ఎనిమిదండీ" అని మొదలుపెడితే, "అది నేనడగలేదే. నంబరు చెప్పండి" అనేవారు. మెచ్చుకోవడమూ లేదు. ఆయాసపడుతూ "బాగా చేశానా అండీ?" అని ఆశగా అడిగితే, "ఎనిమిది చేశారు" అని చెప్పి పెన్ను మూత పెట్టేసేవారు. ఆ ఎనిమిది విని మా వాళ్ళు గర్వంగా మెట్లు దిగేవారు. ఆ గర్వం ఎక్కణ్ణించి వచ్చేదో నాకిప్పటికీ తెలీదు.

మొదట్లో నేను వెక్కిరించాను. ఒప్పుకుంటాను. ల్యాబులో మిషన్లతో పనిచేసేదాన్ని కదా, కాస్త పొగరు. "ఇదేం కొలతండీ టీచరుగారూ, కుర్చీ, గడియారం!" అన్నాను.

"నీ మిషను రక్తంలో ఏముందో చెబుతుంది. రేపు బాత్రూంలో కాలు జారితే ఆ మనిషి తనంతట తను లేస్తుందో లేదో చెబుతుందా అమ్మాయ్?"

ల్యాబుకి టైమైందని మెట్లు దిగిపోయాను.

మా పక్కింటి అత్తాకోడళ్ళ సంగతి చెబితే తప్ప ఆవిడ ఎలాంటి మనిషో అర్థం కాదు. అత్తగారికి ఎనభై దగ్గర పడుతున్నాయి, కోడలికి అరవై రెండు. ఆ రోజు అత్తగారు కుర్చీ మీంచి ఎనిమిదిసార్లు లేచారు. తర్వాత కోడలు కూర్చుంది. టకటకా ఏడుసార్లు లేచి, ఉన్నట్టుండి నడుము పట్టుకుని, "ఇంక నావల్ల కాదండీ" అంది.

"ఇంకా పది సెకన్లుంది" అన్నారు టీచరుగారు.

"చాలండీ."

"నిన్న పాతిక కిలోల బియ్యం బస్తా మేడమీదికి మీరే తెచ్చుకున్నారు. నేను చూశాను."

కోడలు తల దించుకుని, వినీ వినపడకుండా, "అత్తయ్యగారి కంటే ఎక్కువ చేస్తే ఏం బావుంటుందండీ?" అంది.

టీచరుగారు పుస్తకం మూసేశారు. ఆవిడకి కోపం రావడం నేను చూసింది అప్పుడే. "నేనిక్కడ మర్యాద కొలవడానికి రాలేదమ్మా. రేపు ఈవిడ పడితే ఎత్తాల్సింది మీరు. అప్పుడు మర్యాద ఎత్తుతుందా?"

అప్పుడు అత్తగారు బోసినోటితో, "నాకోసం తగ్గావుటే? ఇంట్లో ఏనాడైనా తగ్గావా?" అన్నారు. నవ్వులకి పావురాలు లేచిపోయాయి. కోడలు మళ్ళీ కూర్చుని పదిహేను చేసింది. ఆ తర్వాత నుంచి అత్తగార్లకి సోమవారం, కోడళ్ళకి గురువారం.

ఇక మా అమ్మ. నాకు కొన్నేళ్ళ కిందట గర్భసంచి ఆపరేషన్ జరిగింది. గడ్డ మంచిదో చెడ్డదో తేలని ఆ పది రోజుల్లో అమ్మ దుర్గమ్మకి మెట్లపూజ మొక్కుకుంది. కొండ కింద మొదటి మెట్టు నుంచి పైదాకా ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, లేచి, ఇంకో మెట్టు ఎక్కాలి. వందల మెట్లు. గడ్డ మంచిదేనని తేలింది. ఈలోగా అమ్మ మోకాళ్ళు మొరాయించాయి. ఏటికేడాదీ మొక్కు వాయిదా పడుతోంది. "తీర్చకుండానే పోతానేమోనే" అని ఆవిడ కొండవైపు చూసి అంటుంటే, నా మూలాన పడిన బరువది అని నాకు గిల్టుగా ఉండేది.

టీచరుగారు ఏటా దసరా రద్దీ తగ్గాక ఒకరోజు పొద్దున్నే మా వీధి ఆడవాళ్ళని మెట్లపూజకి తీసుకెళ్ళేవారు. ఆవిడ భక్తి నమస్కారం పెట్టడం వరకే. అందరికంటే వెనక నడుస్తూ, ముందువాళ్ళ మడమలూ మోకాళ్ళూ చూసుకునేవారు. "ఎక్కడం, వంగడం, లేవడం, మళ్ళీ ఎక్కడం. ఇంతకంటే మంచి పరీక్ష ఎవరు పెట్టగలరమ్మా?" అని మురిసిపోయేవారు. దానికి ఒకటే షరతు. కుర్చీ గడిలో పన్నెండు ఉన్నవాళ్ళే ఎక్కాలి. పన్నెండే ఎందుకంటే చెప్పేవారు కాదు. పదకొండున్నరకి ఎవరినీ రానిచ్చిందీ లేదు.

రెండేళ్ళ కిందట ఉగాది వెళ్ళాక అమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. ఐదు లేవడాలు, ఆరు అబ్బాలు. ఆరోది కుర్చీని చూడగానే అన్నది.

"దసరాకి పన్నెండు వస్తాయా అండీ?" అంది అమ్మ ఏడుపు గొంతుతో.

"నాకేం తెలుసు? కూరగాయలు నిలబడి తరుగుతున్నారా, పీట మీదా?"

"గట్టు మీదేనండీ, నిలబడే."

"రేపట్నించి పీట. కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ గట్టు పట్టుకోకూడదు. పాలు పొంగేలోపు మునివేళ్ళ మీద ఇరవైసార్లు లేవాలి."

అమ్మ గొణుక్కుంటూనే చేసింది. వంటింట్లోంచి "పద్దెనిమిది, పందొమ్మిది" అని వినపడేది, పాలు పొంగిపోయేవి. ఐదు ఏడైంది. ఏడు ఎనిమిదైంది. ఎనిమిది దగ్గర నెలన్నర కదల్లేదు. అప్పుడు అమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "మీరు నా వెనకాల ఉంటే ఎక్కుతాను టీచరుగారూ. లేకపోతే పన్నెండు వచ్చినా ఎక్కను. నాకు భయం."

"ఉంటాను, మీరు పన్నెండు తెండి" అన్నారావిడ.

శ్రావణంలో వానలకి టీచరుగారికి జ్వరం పట్టుకుంది. మూడు వారాలు మంచం దిగలేదు. తిరిగి డాబా ఎక్కేసరికి బూట్లు వదులయ్యాయి. ఆవిడ వాటి సంగతి ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. భాద్రపదం వెళ్తూండగా అమ్మ పన్నెండు చేసింది. ఒకే ఒక్క అబ్బా. టీచరుగారు పన్నెండు అని రాసి, పెన్ను మూత పెట్టేశారు. అమ్మ ఆ పూట సేమ్యా పాయసం చేసింది.

రేపు కొండ అనగా ముందురోజు సాయంత్రం, ఆడవాళ్ళంతా ఇళ్ళల్లో పసుపూ కుంకం సర్దుకుంటున్నారు. టీచరుగారు నన్ను డాబా మీదికి పిలిచి, మెళ్ళోంచి స్టాప్‌వాచీ తీసి నా చేతిలో పెట్టారు. పేజీ తిప్పారు. అది ఆవిడ పేజీ. తన నంబరు తనే ఎప్పుడూ వేసుకునేవారు కాదు, ఎవరో ఒకరు లెక్కపెట్టాల్సిందే.

"లెక్కపెట్టు. నా మొహం చూడకు, మోకాళ్ళు చూడు" అన్నారు.

పది దాకా బాగానే లేచారు. పదకొండోసారి తొడలు వణికాయి. పన్నెండోసారి సగం లేచారు, నడుము నిటారు కాలేదు, వాచీ కూసింది.

నాకు ఒక్క క్షణంలో అన్నీ గుర్తొచ్చాయి. ఈవిడ రాకపోతే అమ్మ ఎక్కదు. ఇప్పుడు ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కదు. సగం లేచారు కదా, అది లేవడమే కదా అనుకున్నాను.

"పన్నెండండీ" అన్నాను.

ఆవిడ ఊపిరి సర్దుకుని నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. "మీ ల్యాబులో షుగరు కూడా ఇలాగే చూస్తావా అమ్మాయ్? మనిషి మంచిదైతే తగ్గించి రాస్తావా?"

చెంప ఛెళ్ళుమన్నట్టైంది. "లేదండీ… సగం లేచారు కదా అని…"

"ఆనాడు ఆ కోడలు చేసిన పనే నువ్వు ఇవాళ నాకు చేశావు. మీరందరూ మంచివాళ్ళేనమ్మా. మీ మంచితనం నమ్ముకుని నేను కొండెక్కితే, మీ అమ్మ వెనక్కి తూలితే ఆపలేను, ఇద్దరం కలిసి పడతాం." పదకొండు అని తనే రాశారు. ఆవిడ చేతిరాత నిటారుగా ఉంటుంది. ఆ పదకొండు కూడా అలాగే పడింది.

అప్పుడే అమ్మ పైకి వచ్చింది. సంగతి విని గుమ్మంలోనే కూలబడింది. "అయితే నేనూ ఎక్కను."

"లేవండి. చెయ్యి ఆనించకుండా లేవండి" అన్నారు టీచరుగారు. అమ్మ అలవాటుగా లేచేసింది. "చూశారా. ఆ పన్నెండు మీరు పీట మీద తెచ్చుకున్నారు. నా దగ్గర తీసుకున్నది కాదు." నా వైపు తిరిగారు. "వెనకాల నువ్వు నడుస్తావు. ముందు నీ నంబరెంతో చూడనీ, కూర్చో."

నాకప్పటికి నలభై ఆరు. ఇన్నాళ్ళూ ఆ కుర్చీని వెక్కిరించానే గానీ ఎన్నడూ కూర్చోలేదు. పద్నాలుగు వచ్చాయి, మూడు అబ్బాలతో. అమ్మ కంటే రెండే ఎక్కువ. సిగ్గేసింది.

మర్నాడు టీచరుగారు కుర్చీ ఆటోలో వేసుకొచ్చి, మెట్ల మొదట్లో వేయించుకుని, మా అందరి చెప్పులూ సంచులూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఏళ్ళ తరబడి అందరి వెనకా నడిచిన మనిషి. మేం ఎక్కుతుంటే మా మడమల వంక చూస్తూ ఉండిపోయారు. నాకు వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

సగం దాటాక అమ్మ ఆగిపోయింది. నేను గబుక్కున రెండు చేతులూ చాచాను. "పట్టుకోకు, పడితే పట్టుకో" అంది. వంగింది, పసుపు రాసింది, బొట్టు పెట్టింది, లేచింది. అలా పైదాకా వెళ్ళింది. చివరి మెట్టు మీద నన్ను గట్టిగా కావలించుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. నా గుండెల మీది బరువు ఆ రోజు దిగింది.

కిందికొచ్చాక అమ్మ, "ఆఖరి మెట్టుకి మీ పేరున ఇంకో బొట్టు పెట్టానండీ" అంది సంతోషంగా.

"అది నా లెక్కలోకి రాదు. అబ్బాలెన్ని?" అన్నారు టీచరుగారు. అమ్మ నాలుగంది. రాసుకున్నారు. రాసుకున్నాక అమ్మ చేతిలో కుంకం తీసి తన నుదుట పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కొండ ఎక్కలేదు. పోయిన దసరాకీ చెప్పుల దగ్గరే కుర్చీ. ప్రతి నెలాఖరునా నన్ను పిలిచి లెక్కపెట్టించుకునేవారు. పదకొండు కొన్నాళ్ళు నిలబడింది. తర్వాత తొమ్మిది. ఆరు. ఈ ఏడు సంక్రాంతి అయ్యాక మూడు. డాక్టర్లు ఏవేవో పేర్లు చెప్పారు. రిపోర్టులు నేనే తెచ్చాను కాబట్టి అన్నీ నాకు తెలుసు. ఆవిడ మాత్రం వాటిని విప్పి చూడలేదు, తన పేజీనే చూసుకునేవారు. అమ్మ రెండుపూటలా క్యారేజీ పట్టుకెళ్ళి, తినిపించి వచ్చేది.

చివరి నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం. మంచం మీంచే, "కుర్చీ తే" అన్నారు.

"ఈ నెలకి వదిలేద్దామండీ."

"ఏ నెల వదిలాను?"

అమ్మా నేనూ చెరో భుజం పట్టి కూర్చోబెట్టాం. చేతులు తనే గుండెల మీద అడ్డంగా పెట్టుకున్నారు. కుడిచెయ్యి జారిపోతే మళ్ళీ పెట్టుకున్నారు. నేను స్టార్ట్ అన్నాను. మొహం చూడలేదు, మోకాళ్ళే చూశాను. పాదాలు నేలని నొక్కాయి. కుచ్చిళ్ళు వణికాయి. నడుము ముందుకొచ్చింది, వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకొచ్చింది. అర నిమిషం అంత పొడుగుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. వాచీ కూసింది.

"ఎంత?" అన్నారు.

ఏదో ఒకటి చెప్పవే అన్నట్టు అమ్మ నా వంక చూసింది. ఒకటి అనొచ్చు. ఒకటి అంటే ఎవరికేం నష్టం?

"సున్నా అండీ" అన్నాను.

టీచరుగారు నా మొహంలోకి చూశారు. "శభాష్" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనగా నేను వినలేదు.

"రాయి."

రాశాను. పుస్తకం మూయబోతుంటే పేజీ మీద వేలు పెట్టి ఆపారు.

"అబ్బా గడి ఖాళీగా వదిలేశావేం? అందులోనూ సున్నా వెయ్యి. ఒక్కసారి కూడా అనలేదు నేను."

నిజమే, అనలేదు. వేశాను.